ఎర్ర గోధుమలూ, ఆది జాకెట్టూ

"చెవిటి పెద్దమ్మా, చేంతాడేదీ?" అంటే, "చెవులపోగులు నా జన్మాన యెరగను" అందట. ఈ సామెతని చిన్నప్పట్నుంచీ పగలబడి నవ్వుతూ చెప్పేదాన్ని. మా అత్తయ్యకి ఎనభై దాటాక చెప్పడం మానేశాను. ఎందుకో మీరు ఊహించుకోగలరు. "అత్తయ్యా, చారులో ఉప్పు సరిపోయిందా?" అంటే, "అప్పెవరికిచ్చారూ?" అంటారావిడ. చెవిలో మిషను పెట్టుకోండి మహాప్రభో అంటే, "నాకేం చెవుడా? మీరే ఈమధ్య గొణుగుడు నేర్చుకున్నారు" అని మమ్మల్నే దబాయిస్తారు.

ముసలితనంలో వచ్చిన చెవుడుకి కోడళ్ళున్నారు, మనవలున్నారు, ఇంటిల్లిపాదీ నవ్వుకోవడం వుంది. మరి పుట్టుకతోనే వస్తే? పొట్టకూటి మాటేమిటి? నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న నాకు నాలుగు నెలల క్రితం దాకా తట్టనే లేదు. తట్టించింది మా టైలరమ్మాయి.

సత్తుపల్లిలో మా వీధి చివర తన కొట్టు. అమ్మాయి అంటున్నాను గానీ నలభైకి దగ్గర పడుతోంది. పుట్టుచెవుడు, మాట రాదు. మూడో తరగతి దాకా బళ్ళో కూర్చుంది. అయితేనేం, ఆది జాకెట్టు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, మన వంక ఒక్క చూపు చూసి, రెండు చేతులూ కాస్త ఎడంగా జరుపుతుంది. 'ఈ కొలత ఇప్పుడు మీకు చాలదు' అని అర్థం. మాటలొచ్చిన వాళ్ళెవరూ ఆ సంగతి అంత మర్యాదగా చెప్పలేరు! ఊరి పక్కన బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయితే మాకు చెవులకి తెలుస్తుంది, తనకి పాదాలకి తెలుస్తుంది. మేం ఉలిక్కిపడతాం. తను మాత్రం కుట్టు వంకర పోకుండా మిషను తొక్కుతూనే వుంటుంది.

శ్రావణమాసం ముందు జాకెట్ల కోసం వెళ్ళినప్పుడు కొట్లో ఒకావిడ కూర్చుని వుంది. అశ్వారావుపేట అవతల అడవి పక్క పల్లె. వెంట పదహారేళ్ళ కూతురు. ఆ పిల్లకీ చెవులు వినపడవు. బధిరుల బడి హాస్టల్లో వుండి పదో తరగతి పాసయిందట. "దీనికి కుట్టుపని నేర్పించమని అడగడానికి వచ్చానమ్మా. మీరైనా కాస్త చెప్పండి. ఇంకా చదివిస్తే మాత్రం చెవిటి పిల్లకి ఉద్యోగం ఎవరిస్తారు?" అంది.

టైలరమ్మాయి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. బిల్లు పుస్తకం తీసి, వెనక కాయితం మీద వంకర టింకర అక్షరాలతో "నాలా కాదు. చదివించు" అని రాసి ఆవిడ చేతిలో పెట్టింది.

నేను జాకెట్లు తీసుకుని ఇంటికి వచ్చేశాను. ఆ కాయితం మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. చెప్పొద్దూ, నా నవలల్లో రెండు చోట్ల మూగపిల్లల్ని పెట్టాను. రెండు చోట్లా వాళ్ళ చేత త్యాగాలు చేయించానే గానీ, ఒక్కదానికీ ఉద్యోగం ఇప్పించాలని తోచలేదు. ఆ సిగ్గుతోనే కాబోలు, పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. "ఉద్యోగం ఎవరిస్తారు?" అని ఆ తల్లి అడిగిన ప్రశ్ననే ఒకప్పుడు ప్రభుత్వాలు అడిగాయి. జవాబు వెతకమని పరిశోధనకి డబ్బు కూడా పెట్టాయి. ఆ డబ్బు కొంత మన హైదరాబాదులోనే ఖర్చయింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? మా అత్తయ్య తిన్న గోధుమల్లోంచి!

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే అడిగి చూడండి. మా అత్తయ్య చెవి దగ్గర నోరు పెట్టి "అమెరికా గోధుమలు గుర్తున్నాయా?" అని అరిచాను. ఈసారి మాత్రం ఒక్క అక్షరం పొల్లు పోకుండా వినబడింది. "ఆ ఎర్ర గోధుమలా! కొత్త కాపరం రోజులు. రేషను షాపు ముందు సంచీ పట్టుకుని గంటలకొద్దీ నిలబడేదాన్ని. రవ్వ పట్టించి ఉప్మా చేస్తే మీ మావయ్యగారు ముద్ద నోట పెట్టి నా వంక చూసేవారు. అన్నం తినే నోటికి అదెక్కడ ఎక్కుతుందీ? ఆ గోధుమలతో పాటే వయ్యారిభామ కూడా వచ్చిందట, దాని మొహం మండా!" అన్నారు. ఆ గడ్డిని మీరంతా ఎరుగుదురు. తెల్ల పూలతో రోడ్డు పక్కన వయ్యారాలు పోతూ, తాకితే దురద పెట్టే మొక్క. అమెరికా గోధుమలతోనే మన దేశానికి దిగిందని చెబుతారు.

1965లోనూ, 1966లోనూ వరసగా వానలు మొహం చాటేశాయి. ఓడ రేవుకి చేరితేనే పొయ్యి మీద ఎసరు అన్నట్టుండేది దేశం పరిస్థితి. ఆ ఓడలు వచ్చింది ఒక అమెరికా చట్టం కింద. దాని పేరు పబ్లిక్ లా 480. పి.ఎల్. 480 అని పత్రికల్లో రోజూ పడేది. 1954 జూలై 10న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాని మీద సంతకం చేశాడు. అందులో చమత్కారం ఏమిటంటే, గోధుమలకి మనం డాలర్లు ఇవ్వనక్కర్లేదు. రూపాయలిస్తే చాలు. ఆ రూపాయల్ని అమెరికా తన దేశానికి తీసుకుపోయి డాలర్లుగా మార్చుకోలేదు. ఇక్కడే, అమెరికా పేరన జమ అయ్యేవి. మన రేషను షాపు డబ్బు అలా కొండలా పెరిగిపోయింది. ఆ కొండలోంచి కొంత వాళ్ళ రాయబార కార్యాలయం ఖర్చులకి, కొంత మన ప్రభుత్వానికి అప్పులకి, కొంత గ్రాంట్లకి పోయేది. కాస్త మాత్రం పరిశోధనకి.

ఈ చివరి మాట వెనక ఒక ఆడమనిషి వుంది. పేరు మేరీ స్విట్జర్. 1900లో మసాచుసెట్స్‌లో పుట్టి, రాడ్‌క్లిఫ్ కాలేజీలో చదివి, వాషింగ్టన్‌లో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి మెట్టు మెట్టూ ఎక్కింది. 1950 నుంచి వికలాంగుల వృత్తి పునరావాసం చూసే శాఖకి ఆవిడే అధిపతి. అవయవ లోపం వున్నవాడికి పని చూపించడం దానం కాదు, పెట్టుబడి అన్నది ఆవిడ వాదన. పని దొరికినవాడు పన్ను కడతాడు, తిరిగి దేశానికే ఇస్తాడు అని లెక్కలు వేసి మరీ చూపించేది. 1954 ఆగస్టు 3న, అంటే గోధుమల చట్టం వచ్చిన నెల తిరక్కుండానే, ఆవిడ పట్టుదలతో ఇంకో చట్టం వచ్చింది. ఏ పని ఎవరికి సరిపడుతుంది, ఎలా నేర్పాలి, యజమానిని ఎలా ఒప్పించాలి అని పరిశోధించడానికి అమెరికా ప్రభుత్వం ప్రత్యేకంగా డబ్బు ఇవ్వడం దానితో మొదలైంది.

బధిరుల సంగతి కూడా ఆ డబ్బుతోనే లెక్క తేలింది. గాలొడెట్ అని వాషింగ్టన్‌లో బధిరుల కాలేజీ వుంది, 1864 నాటిది. ఆ కాలేజీ, బధిరుల జాతీయ సంఘం కలిసి పదివేల పైచిలుకు బధిరుల్ని 'ఏం పని చేస్తున్నారు, ఎలా బతుకుతున్నారు' అని అడిగి, 1959లో నివేదిక వేశాయి. ఎక్కువమంది చేతిపనుల్లోనే వున్నారు. అందులోనూ అచ్చు పని ముఖ్యం. ప్రెస్సులో మిషన్ల హోరుకి మామూలువాళ్ళ చెవులు గింగురుమంటాయి. బధిరుడికి ఆ బాధ లేదు, కళ్ళు చురుకు. అందుకే పెద్ద పెద్ద పత్రికల వాళ్ళు ఏరి కోరి పెట్టుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఏక్రన్ అనే ఊళ్ళో టైర్ల ఫ్యాక్టరీలు వందల మంది బధిరుల్ని పనిలోకి తీసుకున్నాయి. అవసరం పడితే ఉద్యోగాలిచ్చేవాళ్ళు వుంటారన్నమాట! యుద్ధం దాకా ఆగక్కర్లేకుండా ఇప్పించడం ఎలాగన్నదే పరిశోధన.

సరే, ఇక మన ఊళ్ళ వైపు వద్దాం.

మన దగ్గర వికలాంగులకని ప్రత్యేక ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి మొదట 1959లో బొంబాయిలో తెరిచారు. 1962లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాదులో పెద్దవాళ్ళయిన బధిరులకి శిక్షణ కేంద్రం పెట్టింది. అంటే బడి వయసు దాటినవాళ్ళకి పని నేర్పే చోటు. అప్పటిదాకా చెవిటి పిల్లలకి బళ్ళున్నాయి గానీ, బడి అయిపోయాక వాకిట్లో కూర్చోవడమే. ఆ తర్వాత 1968 జూన్‌లో అసలు కథ జరిగింది. మన కార్మిక శాఖా, అమెరికా ఆరోగ్య విద్యా సంక్షేమ శాఖా చేతులు కలిపి, ఒక ప్రయోగంగా రెండే రెండు ఊళ్ళలో వృత్తి పునరావాస కేంద్రాలు తెరిచాయి. ఒకటి బొంబాయి. రెండోది మన హైదరాబాదు. ప్రయోగానికి పెట్టుబడి ఆ గోధుమల రూపాయలే. అప్పటికి స్విట్జర్ గారు ఆ అమెరికా శాఖలోనే ఇంకా పెద్ద పదవిలో వున్నారు.

ఆ కేంద్రం ఒక్క బధిరులకే కాదు, అంధులకీ, కాళ్ళూ చేతులూ సరిగా లేనివాళ్ళకీ కూడా. అక్కడి పద్ధతి నాకు భలే నచ్చింది. ఆది జాకెట్టు పద్ధతి అంటాను నేను. కొత్త టైలరు దగ్గరికి వెళితే ఏం చేస్తాం? "నీకెన్ని పరీక్షలు పాసయ్యాయి?" అని అడగం. ఒక పాత జాకెట్టూ, ఓ ముక్క గుడ్డా ఇచ్చి "ఇలా కుట్టి చూపించు" అంటాం. అక్కడా అంతే. వచ్చిన మనిషికి వైద్యుడి పరీక్ష, మనస్తత్వ నిపుణుడి పరీక్ష అయ్యాక నిజమైన పని ముక్క ఒకటి చేతికిస్తారు. కొయ్య కోయమంటారు, తీగలు కలపమంటారు, బట్ట కత్తిరించమంటారు, కాయితాలు వరసలో పెట్టమంటారు. పక్కన కూర్చుని ఆ చేతులెలా కదులుతున్నాయో, ఎంతసేపు ఓపిక పడుతున్నాడో, ఎక్కడ తడబడుతున్నాడో రాసుకుంటారు. ఏం పోయిందని చూసేది డాక్టరు. ఏం మిగిలిందని చూసేది ఈ పద్ధతి. ఆ తర్వాత ఆ చేతికి తగిన పని ఏ ఫ్యాక్టరీలో, ఏ ఆఫీసులో వుందో వెతికి, యజమానితో మాట్లాడతారు.

యజమాని భయాలు మనకి తెలియనివా? "మిషను దగ్గర చెవిటివాణ్ణి పెడితే ఏ వేలో తెగితే ఎవరు దిక్కు? పిలిస్తే పలకడే, పని ఎలా చెప్పను?" ఇవే. గంట మోగే చోట దీపం వెలిగేలా పెడితే సరిపోతుంది. నోటితో చెప్పేది ఒకసారి చేసి చూపించినా, చీటీ మీద రాసిచ్చినా చాలు. వినడానికి ఎంత చిన్న విషయాలు! కానీ ఎవరో ఒకరు కూర్చుని, ఆలోచించి, చేసి చూసి, "ఇలా చేస్తే కుదురుతుంది" అని కాయితం మీద పెడితే తప్ప ఆ చిన్న విషయాలు ఎవరికీ తట్టవు. పరిశోధన అంటే తెల్లకోట్లూ, గాజు గొట్టాలూ అనుకునేదాన్ని. గంట బదులు దీపం పెట్టి చూడడం కూడా పరిశోధనేనట.

గోధుమల కథ 1974లో ముగిసింది. ఆ ఏడు ఫిబ్రవరి 18న అమెరికా రాయబారి మొయినిహాన్, మన దేశం పేరన 1664 కోట్ల రూపాయల చెక్కు రాసిచ్చాడు. పేరుకుపోయిన రూపాయల కొండలో చాలా భాగం అలా మనకే వదిలేశారు. అంత పెద్ద చెక్కు అంతవరకూ ప్రపంచంలో ఎవరూ రాయలేదని రికార్డు పుస్తకంలో ఎక్కింది. ఎర్ర గోధుమలు పోయాయి. వయ్యారిభామ మిగిలింది. హైదరాబాదులో కేంద్రమూ మిగిలింది. ప్రయోగం ఫలించిందని మన ప్రభుత్వమే నడిపించింది. మద్రాసు, కాన్పూరు, జబల్పూరు ఇలా ఒక్కో ఊరికీ పాకించింది. ఈనాడు దేశంలో ఇరవైకి పైగా వున్నాయి. పేరు మాత్రం మారి, నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ అయింది. కలుపు మొక్క పేరు ఊరందరికీ తెలుసు. మంచి మొక్క పేరు మాత్రం ఎవరికీ తెలీదు. ఎంత చోద్యమో చూడండి.

ఆ తర్వాతవి గబగబా చెప్పేస్తాను. 1977లో కేంద్ర ప్రభుత్వపు 'సి', 'డి' తరగతుల ఉద్యోగాల్లో వికలాంగులకి 3 శాతం కేటాయించారు. అందులో ఒక శాతం బధిరులది. 1995 చట్టంతో పై తరగతుల్లో వీలున్న ఉద్యోగాలకీ అది పాకింది. 2016 చట్టం మొత్తం 4 శాతం చేసింది. అందులో ఒకటి బధిరులకీ, వినికిడి తక్కువ వున్నవాళ్ళకీ. 1983లో బొంబాయిలో వినికిడి లోపం వున్నవారి కోసం జాతీయ సంస్థ వెలిసింది. దానికి పెట్టిన పేరు మన హైదరాబాదు బిడ్డది, అలీ యావర్ జంగ్. ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్‌గా చేసినాయన. హైదరాబాదు కేంద్రం మొదలైన 1968లోనే మన రాయబారిగా అమెరికా వెళ్ళారు. తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా వుంటూ 1976లో పోయారు. ఆ సంస్థ శాఖ 1986 నుంచి సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో వుంది.

ఇంత చేసినా ఒక్కటి మరిచారు. ఆ మరిచింది నాకు టైలరు కొట్లోనే అర్థమైంది, చివర చెబుతాను. చేతులకి ఏ పని వచ్చు అని చూశారు గానీ, ఆ చేతులు ఏం మాట్లాడుతున్నాయో చాలాకాలం వినలేదు. 1880లో ఇటలీలో మిలాన్ నగరంలో బధిరుల విద్య గురించి ఓ మహాసభ జరిగింది. 164 మంది ప్రతినిధులు. అందులో బధిరుడు ఒక్కడు! సైగలు వద్దు, పెదవులు చూసి నోటితో మాట్లాడ్డమే నేర్పాలని తీర్మానించేశారు. అత్తగారిళ్ళలో కోడలి మీద పంచాయితీ జరిగినట్టు. కోడలి మాట తప్ప అందరి మాటా వినబడుతుంది. ఆ తీర్మానం నీడ మన దేశపు బళ్ళ మీద కూడా వందేళ్ళు పడింది. చేతులు కదిపితే మాట రాదని పిల్లల చేతులు కట్టించేవారు.

మన సైగల భాషని మొదటిసారి పద్ధతిగా పరిశోధించినవారిలో ముఖ్యుడు మదన్ వశిష్ట. ఆయనకి పదకొండో ఏట చెవులు పోయాయి. హిమాచల్ పల్లెటూరు. పొలం పనీ, పశువులూ చూసుకుంటూ పెరిగి, ఢిల్లీ వచ్చి ఫొటోలు తీయడం నేర్చుకుని, ఆ పనితోనే బతికారు. 1967లో గాలొడెట్ కాలేజీకి వెళ్ళారు. పదేళ్ళ తర్వాత ఇద్దరు అమెరికా భాషా శాస్త్రజ్ఞులతో కలిసి తిరిగి వచ్చి, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, బెంగుళూరు బధిరుల సైగల్ని పోల్చి చూశారు. ఊరూరికీ తేడాలున్నా మూలం ఒకటే, దీనికీ ఒక వ్యాకరణం వుంది, ఇది భాషే అని తేల్చారు. ఆ భాషకి మన ప్రభుత్వం ఢిల్లీలో పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టింది 2015లో. నిఘంటువు 2018లో 3 వేల మాటలతో మొదలై, 2021కి 10 వేలకి చేరింది. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న అర్థమైతే కదా ఉద్యోగం వచ్చేది! వందేళ్ళు ఆలస్యమైనా ఇదీ ఉద్యోగం కోసం చేసిన పరిశోధనే.

పరిశోధన ఒకసారి చేసి పెట్టెలో దాచుకునేది కూడా కాదండోయ్. అమెరికాలో బధిరులకి అన్నం పెట్టిన అచ్చు పని ఏమైంది? కంప్యూటర్లు రాగానే అక్షరాలు పేర్చేవాళ్ళే అక్కర్లేకపోయారు. నేర్చిన చేతులు ఖాళీ అయ్యాయి. రేపు కుట్టుమిషను సంగతీ అంతే కావచ్చు. రెడీమేడ్ జాకెట్లు వచ్చేశాయి చూస్తున్నారుగా? పని మారినప్పుడల్లా "ఇప్పుడేం నేర్పాలి?" అని ఎవరో ఒకరు కొత్తగా వెతుకుతూనే వుండాలి. ఆ వెతుకులాటకి డబ్బు ఆగకూడదు. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం వున్నవారు దేశంలో 50 లక్షల పైచిలుకు. అంతమంది బతుకు అది.

ఇవన్నీ చదివాక నాకో లెక్క తట్టి మనసు చివుక్కుమంది. మా టైలరమ్మాయి పుట్టేనాటికి హైదరాబాదు కేంద్రం వయసు దాదాపు ఇరవయ్యేళ్ళు. సికిందరాబాదు శాఖా అప్పటికే వుంది. మా సత్తుపల్లి బస్టాండులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. అయినా ఆ పిల్లని తీసుకుని ఎవరూ ఆ బస్సు ఎక్కలేదు. ఎక్కమని చెప్పినవాళ్ళు లేరు. గోధుమల డబ్బు హైదరాబాదు చేరింది గానీ, అక్కణ్ణుంచి కబురు మాత్రం ఖమ్మం దాటి మా అడవి అంచుకి రాలేకపోయింది. అందుకు ఎవర్నని తప్పు పడతాం? నవలలు రాసుకుంటూ ఇదే వీధిలో కూర్చున్న నాకూ తెలీదుగా!

పోయిన వారం ఆ తల్లి మళ్ళీ వస్తుందని తెలిసి, నేను తెలుసుకున్నవన్నీ ఓ కాయితం మీద పెద్దక్షరాలతో రాసి తీసుకెళ్ళాను. ఏ కేంద్రం ఎక్కడుంది, ఒక శాతం అంటే ఏమిటి, ఇంటర్ చదివితే ఏం దారులున్నాయి అన్నీ. ఆవిడ కాయితం రెండుసార్లు చదివించుకుని, మడిచి కొంగున ముడేసుకుంది. "చూద్దాం లెండి. వాళ్ళ నాన్నని ఒప్పించాలి కదమ్మా" అంది. ఒప్పిస్తుందో లేదో నాకు తెలీదు.

మేమిలా మాట్లాడుకుంటుంటే, లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. చూద్దును కదా, టైలరమ్మాయీ, ఆ పిల్లా ఎదురెదురుగా కూర్చుని చేతులతో మాట్లాడేసుకుంటున్నారు. ఈ పిల్ల హాస్టల్లో నేర్చిన సైగలూ, తను సెల్‌ఫోన్లో స్నేహితుల బొమ్మలు చూస్తూ నేర్చిన సైగలూ కలగలిపి, గడగడా, ఊపిరి సలపకుండా! ఏదో అడిగింది ఆ పిల్ల. మా టైలరమ్మాయి పడీ పడీ నవ్వింది. ఇన్నేళ్ళలో తను అలా నవ్వడం నేను చూడలేదు.

"ఏమిటంటున్నారమ్మా?" అని ఆ తల్లి నన్నడిగింది.

నాకేం తెలుసు? ఆ అరగంటా ఆ కొట్లో చెవిటి వాళ్ళం మేమిద్దరమే.